నాలుగో మెట్టుకు ముందు

మదనపల్లెలో పొద్దున ఆరు నుంచి ఆరుంబావు దాకా ఎవరూ నోరు మెదపరు. పాలబండి హారన్ కొట్టదు. కుక్కర్ ఎక్కించినవాళ్లు విజిల్ తీసి పక్కన పెట్టుకుంటారు. చంటిపిల్ల ఏడిస్తే ఎత్తుకుని మిద్దె మీదికి పోతారు. 2091 నాటి పిల్లలకు ఇది పళ్లు తోముకోవడం లాంటి అలవాటు. వీధిలో మరపు జబ్బు మనిషి ఒక్కరుంటే చాలు, ఆ పావుగంట వీధి మొత్తానికి మౌనవేళే.

ఎందుకో తెలియాలంటే స్మృతిక గురించి చెప్పాలి. అది చెవి వెనక ఎముకలో అమర్చే వేలిగోరంత పలక. జబ్బు తినేసిన జ్ఞాపకాలను అది దాచి ఉంచి మెదడుకు అందిస్తుంది. నిద్రలో మాత్రం మెదడు దాన్ని భరించలేదు, కాబట్టి రాత్రి ఆగిపోవాల్సిందే. తెల్లారేసరికి మనిషి తన పేరు కూడా తెలియకుండా కళ్లు తెరుస్తాడు. అప్పుడు పలకలోని ఒక చిన్న ప్రోగ్రామ్ ఆ మనిషిని మెట్టుమెట్టుగా నింపుకుంటూ వస్తుంది. కంప్యూటర్లవాళ్లు ఇలాంటిదాన్ని బూట్‌లోడర్ అంటారు, స్మృతిక తయారు చేసినవాళ్లు మేలుకొలుపు అని పేరు పెట్టారు.

మేలుకొలుపుకు నాలుగు మెట్లు. మొదటి మెట్టులో ఒళ్లు, పేరు. రెండో దానిలో మాట, ఇల్లు. మూడో దానిలో జబ్బు రాకముందు బతికిన బతుకంతా. నాలుగో దానిలో జబ్బు వచ్చిన ఏటి నుంచి నిన్నటి దాకా. మూడుకూ నాలుగుకూ మధ్య నిమిషంన్నర విరామం. నాలుగూ నిండితే చెవి వెనక పచ్చదీపం వెలుగుతుంది. ఈలోగా ఆ మనిషి ఏదైనా అడిగి, ఎదుటివాళ్లు జవాబిచ్చి, మాటకు మాట సాగిందంటే మాత్రం మేలుకొలుపు ఆగి నిలబడుతుంది. మాటల మధ్యలో జ్ఞాపకాలు పోస్తే రెండూ కలిసి మనిషికి పిచ్చెక్కినంత పని అవుతుందని ఆ నియమం పెట్టారు. ఆ మనిషి అడగొచ్చు, మనం పలకకూడదు. ఊరు మొత్తం నోరు మూసుకునేది అందుకే.

ఈ నియమం రాసిన మనిషి పేరు యతిరాజులు. హార్స్‌లీ కొండ మీది ప్రయోగశాలలో మేలుకొలుపును అక్షరం అక్షరం రాసింది ఆయనే. మంచివాడే, కాదనను. మాట తక్కువ, పని ఎక్కువ. పొద్దున అయిదుకు కొండెక్కితే దీపాలు పెట్టాక దిగేవాడు. ఇంట్లోవాళ్లకు ఆయన మొహం కన్నా వీపు బాగా తెలుసు.

మరపు జబ్బు చివరికి ఆయన ఇంటికే వచ్చింది. ఎనిమిదేళ్ల కిందట పెద్దమ్మి అని పిలుచుకునే పెద్దకూతురు ధరణి తొమ్మిది రోజుల జ్వరంతో పోయింది. అప్పటికి ఆ అమ్మాయికి పంతొమ్మిది. అదే ఏడు భార్య వనజాక్షికి పొయ్యి మీద పాలు మరిచిపోవడంతో జబ్బు మొదలైంది. ఇప్పుడు ఆమెకు యాభై రెండు, చెవి వెనక స్మృతిక. చిన్నకూతురు ఇందుజ ఇంట్లోనే ఉండి అమ్మను చూసుకుంటూ చదువుకుంటోంది.

ఆ ఇంట్లో నిమిషంన్నర విరామం ఎలా ఉంటుందో ఆలోచించండి. మూడో మెట్టులో ధరణి బతికే ఉంటుంది. నాలుగో మెట్టులో చచ్చిపోతుంది. కడుపుకోత మామూలు తల్లికి ఒక్కసారి, వనజాక్షికి ప్రతి పొద్దునా కొత్తగా. డాక్టర్లను అడిగితే, జ్ఞాపకాల్లోంచి ఒక్కదాన్ని పీకేస్తే చుట్టుపక్కలవి కూలిపోతాయి, వద్దన్నారు. సరే అనుకుని బతుకుతున్నారు.

అయితే ఈ ఏడు ఉగాది దాటాక పలక మొండికేసింది. నిమిషంన్నరలో దాటాల్సిన విరామం అయిదు నిమిషాలైంది, పదైంది, ముప్పైఅయిదైంది. స్మృతికకు కాపలా గడియారం ఒకటుంది. నలభై నిమిషాల్లో నాలుగు మెట్లూ నిండకపోతే ఏదో తేడా వచ్చిందని అది పలకను ఆపి మళ్లీ మొదటి నుంచి లేపుతుంది. అలా మూడుసార్లు జరిగిందా, మెదడుకు హాని జరగకుండా పలక శాశ్వతంగా మూసుకుపోతుంది. రెండోది అమర్చడానికి ఆ ఎముక ఒప్పుకోదు. వనజాక్షి పలక ఇప్పటికి రెండుసార్లు ఆగింది. ఇంకొక్కసారి ఆగితే ఆమెకు మొగుడు లేడు, కూతుళ్లు లేరు, తన పేరు కూడా లేదు.

యతిరాజులు సెలవు పెట్టలేదు, ఇంట్లో కూర్చోలేదు. కొండెక్కి భార్యకు నకలు తయారు చేశాడు.

నకలంటే బొమ్మ కాదు. ఒక యంత్రం లోపల ఇంకో యంత్రం నిజంగా ఉన్నట్టే నడిపే ప్రోగ్రామ్‌ను ఎమ్యులేటర్ అంటారు. ప్రయోగశాలవాళ్లది పలకనే కాకుండా, పలక తాకే మెదడు భాగాన్ని కూడా అచ్చంగా నడిపిస్తుంది. ఎదురుగా మైకు, పక్కన స్పీకర్. నకలు వింటుంది, మాట్లాడుతుంది. దానిలో అసలు సదుపాయం నిలుపు. నడుస్తున్న నకలును ఏ క్షణాన కావాలన్నా ఆపి, ఆ స్థితిని ఉన్నదున్నట్టు దాచిపెట్టవచ్చు. తర్వాత ఏం చెడినా మీట నొక్కితే మళ్లీ ఆ క్షణానికే వస్తుంది. తెరిచిన ప్రతిసారీ నకలుకు అదే మొదటిసారి. యతిరాజులు నిలుపును నాలుగో మెట్టుకు ముందు, ఆ నిమిషంన్నర మొదట్లో పెట్టాడు.

తెరిచాడు. స్పీకర్లోంచి వనజాక్షి గొంతు వచ్చింది. "పెద్దమ్మి లేసిందా?"

ఆయన పలకలేదు. నిమిషంన్నర గడిచింది. నాలుగో మెట్టు నిండింది. నకలు ఏడవడం మొదలుపెట్టింది. మేలుకొలుపు ఎక్కడా ఆగలేదు. నిలుపుకు వెనక్కి పోయాడు, వేడి పెంచి చూశాడు. "పెద్దమ్మి లేసిందా?" నిండింది, ఏడ్చింది. వెనక్కి పోయాడు, కరెంటు తగ్గించి చూశాడు. అదే ప్రశ్న, అదే గొంతు, చివర్లో అదే చిన్న దగ్గు. మూడు వారాల్లో నాలుగు వందల పన్నెండుసార్లు తెరిస్తే నాలుగు వందల పన్నెండుసార్లూ పలక చక్కగా పనిచేసింది. నాలుగు వందల పన్నెండుసార్లు ఆ తల్లికి కూతురు పోయింది. యాభై దాటాక ఆయన నాలుగో మెట్టు రాగానే స్పీకర్ కట్టేసి అంకెలు మాత్రం చూసుకోసాగాడు.

ఆయనతో పనిచేసే షాకిరా చిన్న వయసు ఇంజనీరు, ఉన్నమాట అనేసే రకం.

"సార్, తప్పుగా అనుకోబాకండి. ఇంట్లో ఎవరన్నా అమ్మతో మాట్లాడతా ఉండారేమో."

"నా ఇంట్లోనా?" అన్నాడు యతిరాజులు. "ఊరందరికీ నోరు మూసుకోమని నేర్పింది నేను షాకిరా."

"అడిగి చూడండి సార్. పలక లెక్కల్లో మాటలు పడవు గదా, మనకెట్లా తెలుస్తాది?"

"అడిగినా. ఇందుజ లేదనింది. మా ఇంట్లో అబద్ధాలు లేవు."

షాకిరా తన బల్ల దగ్గరికి పోయింది. నకలు ఏడుపు విన్న రోజు నుంచి ఆ అమ్మాయికి అన్నం సరిగా దిగడం లేదు, ఆ సంగతీ ఆయనకు తెలియదు.

నాలుగు వందల పదమూడోసారి మధ్యాహ్నం జరిగింది. షాకిరా భోజనానికి వెళ్లింది. యతిరాజులు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, కళ్లు మండుతున్నాయి. మీట నొక్కాడు.

"పెద్దమ్మి లేసిందా?"

"లేసింది," అన్నాడు.

కావాలని అన్నది కాదు. ఎవరో పేరు పెట్టి పిలిస్తే ఊ అన్నట్టు వచ్చేసింది నోట్లోంచి.

"లేస్తే చాల్లే. రాత్రంతా దాని గదిలో దీపం వెలగతానే ఉండె," అంది నకలు. "తలకు నూనె పెడతా రమ్మను. అట్ల ఎండిపోయిన జుట్టేసుకోని కాలేజీకి పోతాదా?"

ఎనిమిదేళ్లయింది ఆయన ఆ ఇంట్లో అలాంటి మాట విని. కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"చెప్తాలే. నువ్వు నూనె వెచ్చ చెయ్యి."

"నువ్వేంది ఈపొద్దు ఇంట్లో ఉండావు? కొండ ఎక్కలేదా?"

"ఎక్కలేదు," అన్నాడు. "ఈపొద్దు మీతోనే ఉంటా."

నకలు నవ్వింది. చిన్నమ్మి బడి సంచీ ఎక్కడో పారేసుకుందనీ, ధరణి దానికి కొత్తది కుడుతోందనీ చెప్పింది. ఆయన అడుగుతూ ఉన్నాడు, ఆమె చెబుతూ ఉంది. షాకిరా ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో ఆయన చూడలేదు.  ఆమె వంగి, మెట్లు నిండేది చూపే మీటరు మీద వేలు పెట్టింది. నాలుగో మెట్టు సున్నా దగ్గర ఆగి పదకొండు నిమిషాలైంది.

"దొరికింది సార్," అంది మెల్లగా.

యతిరాజులు నకలును ఆపేశాడు. బల్ల మీద తల పెట్టి ఏడ్చాడు, పిల్లలు ఏడ్చినట్టు వెక్కివెక్కి. షాకిరా బయటికి పోయి తలుపు దగ్గరికి వేసింది.

ఆ సాయంత్రం పొద్దు ఉండగానే ఇంటికి వచ్చాడు. ఇందుజ వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. నాయన ఆ వేళకు రావడం చూసి లేచి నిలబడింది. అప్పుడు చూశాడు ఆయన. ఎత్తు, మెడ తిప్పే తీరు, జడ ముందుకు వేసుకోవడం. ఉగాదికి ఇందుజకు పంతొమ్మిది నిండాయి. మూడో మెట్టు మాత్రమే నిండిన తల్లికి చిన్నమ్మి అంటే పదకొండేళ్ల బిడ్డ. కళ్ల ముందు పంతొమ్మిదేళ్ల పిల్ల నిలబడితే ధరణి కాక ఇంకెవరనుకుంటుంది?

"అమ్మ పిలిస్తే పలకతా ఉండావా?" అన్నాడు.

ఇందుజ చేతిలో పిక్కలు కింద పెట్టింది. "పలకతా ఉండా నాయనా."

"పలక మూసుకుపోతే ఏమైతాదో తెలుసునా నీకు?"

"తెలుసు. నలభై దాటకుండా గడియారం చూసుకుంటా ఉండా. రెండుసార్లు నావల్ల కాలే."

"ఎందుకే?" అన్నాడు. 

"అక్క పోయినాక అమ్మ నన్ను చూసిందే లేదు నాయనా. అన్నం పెడతాది, బట్టలు తీసిస్తాది, చూపు మాత్రం యాడనో ఉంటాది. పొద్దున ఆ కాసేపు నన్ను చూస్తాది. దగ్గరికి పిలిచి మొహం నిమురుతాది. చిన్నమ్మికి పాలు పోసిచ్చినావా, దాన్ని కొట్టబాకు, అది అమాయకురాలు అంటాది. నా గురించి నాకే చెప్తాది. నామీద అమ్మకి అంత ప్రేమ ఉండాదని నాకు అప్పుడే తెలిసింది." కళ్లు తుడుచుకుంది. "నిన్ను అడగదామంటే నువ్వు ఉండవు గదా ఇంట్లో."

ఆయన పక్కన కూలబడ్డాడు. ఏం తిడతాడు? మధ్యాహ్నం తను చేసింది అదే. కొండమీద అమ్మ నకలుకు మీ అక్క లేసిందని నేనూ చెప్పినానమ్మా అన్నాడు. ఇద్దరూ కాసేపు పిక్కలు తీస్తూ కూర్చున్నారు.

మరునాడు పొద్దున యతిరాజులు కొండెక్కలేదు. ఆరుకు భార్య మంచం పక్కన తనొకవైపు, ఇందుజ ఒకవైపు కూర్చున్నారు. వనజాక్షి కళ్లు తెరిచింది. చేతులు చూసుకుంది. పేరు వచ్చింది, ఇల్లు వచ్చింది. మూడో మెట్టు నిండగానే మొహం వికసించింది.

"పెద్దమ్మీ, అప్పుడే లేసినావా?"

ఇందుజ కింది పెదవి కొరుక్కుంది.

"ఏమ్మే, నిన్నే. ఒళ్లు బాగలేదా? ఇట్లరా." చేయి చాపింది. ఇందుజ చేయి ఇవ్వబోయి వెనక్కి తీసుకుంది. "ఏంది, అలిగినావా? ఏమయ్యా, నువ్వన్నా చెప్పు. పిల్ల ఎందుకు పలకదు?"

యతిరాజులు నేల చూశాడు. నిమిషంన్నర ఎంత పొడుగు ఉంటుందో దాన్ని రాసిన మనిషికి ఆ రోజు తెలిసింది. వనజాక్షి ఒకరి మొహం నుంచి ఒకరి మొహానికి చూస్తూ అడుగుతూనే ఉంది. అడగడం మెల్లగా ఆగిపోయింది. చాపిన చేయి దుప్పటి మీద పడింది. ఆమె నోరు తెరిచింది గానీ ఏడుపుకు ముందు చాలాసేపు శబ్దం రాలేదు. చెవి వెనక పచ్చదీపం వెలిగింది. పలక బతికింది.

ఆమె ఏడ్చి ఏడ్చి, నీళ్లు తాగి, గోడకు ఆనుకుని కూర్చుంది. అప్పుడు ఇందుజ వైపు చూసింది.

"రోజూ పలికేదానివి గదా చిన్నమ్మీ. ఈపొద్దు పలకలేదేంది?"

"నీకు గుర్తుంటాదా అమ్మా?"

"అంతా నిండినాక పొద్దున జరిగింది గుర్తురాకుండా ఎట్లుంటాది? నిన్ను దాని పేరుతో పిలస్తా, నువ్వు ఊ అంటావు. ఉండే బిడ్డకు పేరు కూడా లేకుండా చేస్తినే అని పొద్దుగూకేదాకా కుమిలిపోతా. సిగ్గుతో నీ మొహం చూడలేకపోతా." దగ్గరికి లాక్కుంది. "ఇందుజా. నా ఇందుజమ్మా."

ఆ పిల్ల తల్లి ఒళ్లో పడిపోయింది. కాసేపయ్యాక వనజాక్షి మొగుడిని అడిగింది.

"రాత్రి చిన్నమ్మి చెప్పింది, అక్కడ కొండమీద నా నకలును పెట్టుకోనుండావంట. దానికెన్నిసార్లు చెప్పినారు, పెద్దమ్మి లేదని?"

ఆయన అబద్ధం ఆడదామనుకుని ఆడలేకపోయాడు. "నాలుగు వందల పన్నెండు."

వనజాక్షి కళ్లు మూసుకుంది. "నాకు పొద్దున ఒక్కసారి వింటే రాత్రిదాకా తేరుకోను. పాపిష్టోళ్లారా." తిట్టులో కోపం లేదు. "పని అయిపోయింది గదా. ఇంక దాన్ని లేపబాకు. ఎక్కడ ఆపినావో అక్కడే చెరిపెయ్. దానికి పెద్దమ్మి ఉన్నట్టే పోనీ."

"అట్లనే," అన్నాడు.

"నామీద ఒట్టు."

"నీమీద ఒట్టు."

ప్రయోగశాల నియమం కూడా అదే. లోపం తేలాక నిలుపును చెరిపేయాలి. మరునాడు యతిరాజులు కాగితాలన్నీ పూర్తి చేశాడు. చెరపడం మాత్రం నేనే చేస్తానని షాకిరాకు చెప్పాడు. ఆమె ఆయన్ను ఒక చూపు చూసి, సరే సార్ అని టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లింది.

చెరపడానికి ఒక మీట, తెరవడానికి ఒక మీట. పక్కపక్కనే ఉంటాయి. ఆయన భార్య మీద ఒట్టు పెట్టుకున్నాడు, అది నిజమే. ఒక్కసారి గొంతు విని చెరిపేస్తా అనుకున్నాడు. ఆ మాట అనుకున్నవాడు లోకంలో ఎవడైనా ఒక్కసారితో ఆగాడా?

"పెద్దమ్మి లేసిందా?"

"లేసింది. స్నానం చేస్తా ఉండాది."

"చన్నీళ్లు పోసుకుంటాదేమో చూడు."

"లేదులే, నేను నీళ్లు కాచి ఇచ్చినా."

మాట ఆగితే నాలుగో మెట్టు కదులుతుంది. ఆగకూడదు. నలభై నిమిషాలు లాగితే మళ్లీ నిలుపుకు వెనక్కి పోవచ్చు, మళ్లీ నలభై. మాట్లాడుతూనే ఉంటే ధరణి ఉంటుంది. ఆయన మాట్లాడాడు. స్నానం అయిందన్నాడు, జడ వేసుకుందన్నాడు. పదో తరగతిలో లెక్కల్లో వందకు వంద వచ్చిన సంగతి గుర్తు చేశాడు. కాలేజీలో వచ్చిన మార్కులు వరసగా చెప్పాడు. సైకిలు కొనిచ్చింది చెప్పాడు. తిరుపతి పోయినప్పుడు కొండ మెట్ల మీద కాలు బెణికింది చెప్పాడు. మార్కులు ఇంకోసారి చెప్పాడు.

"నువ్వు మార్కులే చెప్తావు," అంది నకలు నవ్వుతూ. "మొన్న నీతో ఏందో మాట్లాడాల, కొండమీదికి పోతానమ్మా అనింది. మూడు రోజులు అదే ధ్యాస. వచ్చిందా నీ దగ్గరికి? ఏం చెప్పింది?"

వచ్చింది. అది ఆయనకు గుర్తుంది. గుమ్మంలో నిలబడింది, పసుపు రంగు దుపట్టా. పనిలో ఉన్నా, రేపు మాట్లాడదాంలే అన్నాడు తెర మీంచి కళ్లు తీయకుండా. మరునాడు జ్వరం వచ్చింది.

ఏదైనా చెప్పొచ్చు. ఎవరినో ప్రేమించిందనో, చదువు మారతానందనో. ఏది చెప్పినా నమ్ముతుంది. నోరు తెరిచాడు. ఏ అబద్ధం ఆడాలన్నా కూతురి మనసు కొంచెమైనా తెలిసి ఉండాలి కదా, ఏమీ తోచలేదు.

"ఏమయ్యా, ఏం చెప్పింది పిల్ల?"

అప్పటికి పద్దెనిమిది నిమిషాలైంది. ఆయన దగ్గర చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. మీటరులో నాలుగో మెట్టు మెల్లగా కదలడం మొదలైంది.